ప్రతీకార కథలో పాపకు ఎంత చోటు ఇవ్వాలి? ‘మ్యాన్ ఆన్ ఫైర్’ చూసినవారిని ఒక ప్రశ్న

ప్రశ్న: ఎడమకాల్వ, మిర్యాలగూడ

మేము కొందరు మిత్రులం కలిసి నలభై నిమిషాల లఘుచిత్రానికి కథ రాసుకుంటున్నాము. అప్పుల్లో కూరుకుపోయిన ఒక రైస్ మిల్లు యజమాని, ఆయన పదేళ్ల కూతురు, ఆ పాపను బడికి తీసుకువెళ్లి తిరిగి ఇల్లు చేర్చడానికి కుదుర్చుకున్న ఒక మాజీ జవాను, ఈ ముగ్గురి చుట్టూ కథ నడుస్తుంది. నలుగురు వచ్చి పాపను ఎత్తుకుపోతారు, అడ్డుపడిన జవాను తూటాలు తిని పడిపోతాడు, ఆసుపత్రి నుంచి లేచి వచ్చాక ఆ పనిలో చేయి ఉన్న ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్తాడు. ఈ వరస వినగానే 2004లో టోనీ స్కాట్ తీసిన ‘మ్యాన్ ఆన్ ఫైర్’ అందరికీ గుర్తుకు వస్తుంది. మాకు ఆ సినిమా అంటే ఎంతో ఇష్టం, మా కథకు ప్రేరణ కూడా అదే.

ఆ సినిమా నిడివి 146 నిమిషాలు. మెక్సికో సిటీలో పీటా అనే పాపను ఎత్తుకుపోయే ఘట్టం దాదాపు మూడో వంతు సినిమా గడిచాక గాని రాదు. అప్పటిదాకా మనం చూసేదంతా తాగుడుకు బానిసై, బతుకు మీద ఆశ వదులుకున్న క్రీసీ అనే అంగరక్షకుడు, అతనితో ఎలాగైనా మాట్లాడించాలని పట్టుబట్టిన ఒక చిన్నపిల్ల. మా కథలో కూడా ఆ పాళ్లలోనే మొదటి పదమూడు నిమిషాలు పాపకూ జవానుకూ ఇచ్చాను. మా బృందంలో మిగిలినవారు మాత్రం, ఫోనులో చూసేవారు అంతసేపు ఆగరని, నాలుగు నిమిషాల్లో పాపను ఎత్తుకుపోవాలని, మిగతా సమయమంతా పోరాటాలకు ఇవ్వాలని అంటున్నారు. నాకు ఆ మాట మింగుడు పడడం లేదు, అలాగని నా వాదనను గట్టిగా నిలబెట్టడానికి నచ్చింది అన్న మాట తప్ప ఇంకొక ఆధారం నా దగ్గర లేదు. ఈ సినిమాను శ్రద్ధగా చూసినవారు, ముఖ్యంగా మన జిల్లాల మనుషుల్ని ఎరిగినవారు, మీ అభిప్రాయం వివరంగా చెప్పగలరా? ముగింపు గురించి కూడా చెప్పండి. పాప బతకాలా, జవాను బతకాలా అన్నది మాలో ఇంకా తేలలేదు.

(సినిమా చూడనివారికి మనవి: కింది జవాబుల్లో కథ మొత్తం బయటపడే అవకాశం ఉంది.)

జవాబు: పాలమూరు పాఠకురాలు

మీ పదమూడు నిమిషాలను వదులుకోకండి. కాకపోతే ఆ నిమిషాల్లో ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. పాప ముద్దుగా నవ్వడం, అంకుల్‌కు చాక్లెట్ ఇవ్వడం, వెనుక ఒక పాట, ఇవి పెట్టి పదమూడు నిమిషాలు నింపితే మీ మిత్రులు చెప్పినదే నిజమవుతుంది. నేను మహబూబ్‌నగర్‌లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. పదేళ్ల పిల్లలు రోజంతా నా కళ్ల ముందే ఉంటారు కాబట్టి, సినిమాల్లో పిల్లలను బొమ్మల్లా వాడుకున్నప్పుడు నాకు వెంటనే తెలిసిపోతుంది. ఈ సినిమాలో పీటా అలా కనిపించదు. ఆమె ప్రశ్నలు అడుగుతుంది, అతను విసుక్కుంటే ఊరుకోకుండా మళ్లీ అడుగుతుంది, తన ఎలుగుబంటి బొమ్మకు అతని పేరే పెట్టుకుంటుంది. తమను వెంబడిస్తున్న కారును గమనించి దాని నంబరులో తాను పట్టుకోగలిగినంత నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఆ తరువాత క్రీసీ వేట మొదలుపెట్టేటప్పుడు అతని చేతికి దొరికే మొదటి ఆధారాల్లో ఆ పుస్తకం ఒకటి. అంటే తనను వెతకడానికి దారి చూపింది ఆ పిల్లే. కథలో పాప ఎవరో కాపాడితే బతికే ప్రాణి మాత్రమే కాదు, తెలివిగల మనిషి కూడా అని ఆ ఒక్క వివరం స్థిరపరుస్తుంది.

ఈత ఘట్టాలు చూడండి. నీళ్లలో పడ్డాక పీటా చాలా వేగంగా ఈదుతుంది, పందెం మొదలయ్యేటప్పుడు పేల్చే తుపాకీ మోతకు ఉలిక్కిపడడం వల్ల మాత్రం అందరికంటే వెనుక దూకుతుంది. క్రీసీ ఆమెకు నేర్పేది ఈత కాదు. ఆ మోతకు భయపడవద్దని, అది తనను విడిపించే శబ్దమని, దాని కోసం ఎదురుచూడాలని నేర్పుతాడు. అదే పనిగా చప్పుడు చేస్తూ, దూకిస్తూ, మళ్లీ గట్టు ఎక్కిస్తూ సాధన చేయిస్తాడు. పిల్లలకు ఏదైనా నేర్పినవారెవరికైనా ఆ ఓపిక తెలుస్తుంది. ఆ సాధనలోనే మాట్లాడడం మరిచిపోయిన ఆ మనిషి నవ్వడం నేర్చుకుంటాడు, తాగుడు తగ్గిస్తాడు. తరువాత నిజమైన తుపాకీ మోగినప్పుడు పాప పరుగెడుతుంది, అతను నేలకొరగడం చూసి వెనక్కి తిరిగి వస్తుంది. ఆమెకు అంతగా నేర్పిన మనిషి, ఆ నేర్పు మీద ఆమె ప్రేమ గెలవడం వల్ల ఆమెను పోగొట్టుకుంటాడు. నాలుగు నిమిషాల్లో ఎత్తుకుపోతే ఈ సన్నివేశానికి అర్థమే ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు ఈ సినిమా మీద గట్టి అభ్యంతరం ఉంది. రెండో సగంలో క్రీసీ మనుషులను పట్టుకొని హింసించి మాటలు రాబట్టే ఘట్టాలు దీర్ఘంగా సాగుతాయి. కారులో కట్టేసి వేళ్లు నరికే సన్నివేశాన్ని దర్శకుడు ప్రేక్షకుడి చేత మెప్పించాలనే తీశాడు. పాప మీద మనకు కలిగించిన ప్రేమను ఆ క్రూరత్వానికి అనుమతిపత్రంగా వాడుకోవడం నాకు నచ్చలేదు. మీ సినిమాను మన ఊళ్ల పిల్లలు కూడా ఫోనుల్లో చూస్తారు. దయచేసి ఆ భాగాన్ని తీసుకోకండి.

జవాబు: గడియారం సెంటర్, నల్లగొండ

పాఠకురాలు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. నేను ఇంకొక వైపు నుంచి చెబుతాను. ఈ కథ ఎన్నిసార్లు చోటు మారిందో గమనిస్తే మీకు ఉపయోగపడుతుంది.

దీనికి మూలం ఏ.జే. క్విన్నెల్ అనే కలం పేరుతో 1980లో వచ్చిన నవల, ఆ కథ జరిగేది ఇటలీలో. అది రచయిత సరదాగా ఎంచుకున్న దేశం కాదు. 1970లలో ఇటలీలో డబ్బున్నవారి పిల్లలను ఎత్తుకుపోయి సొమ్ము గుంజడం ఒక వ్యాపారంలా సాగింది. 1973లో రోమ్‌లో చమురు కుబేరుడు గెట్టీ మనవడిని అపహరించి, అతని చెవి కోసి పంపిన ఉదంతం ప్రపంచమంతటికీ తెలిసింది. 1987లో ఈ నవలను మొదటిసారి సినిమాగా తీసినప్పుడు కూడా కథను ఇటలీలోనే ఉంచారు. తరువాత 1991లో ఇటలీ ప్రభుత్వం, అపహరణకు గురైనవారి కుటుంబాల ఆస్తులను స్తంభింపజేసి సొమ్ము చెల్లించే దారి మూసివేసే చట్టం తెచ్చింది, ఆ నేరాలు బాగా తగ్గిపోయాయి. టోనీ స్కాట్ తన సినిమా తీసే నాటికి ఆ కథ ఇటలీలో నమ్మశక్యంగా ఉండదు కాబట్టి, అటువంటి అపహరణలు ఎక్కువగా జరుగుతున్న మెక్సికో సిటీకి దానిని మార్చారు. 2005లో హిందీలో ‘ఏక్ అజ్‌నబీ’ పేరుతో అమితాబ్ బచ్చన్ చేసినప్పుడు కథ బ్యాంకాక్ చేరింది. నా దృష్టిలో అక్కడ కథకు వేరు తెగింది, ఎందుకంటే ఆ నగరానికీ ఆ నేరానికీ సంబంధం ఏమిటో సినిమా మనకు చూపించదు.

2004 చిత్రంలో నేరానికి పునాది ఒక ఇన్సూరెన్స్ కాగితం. అపహరణ బీమా కొనసాగాలంటే ఇంట్లో అంగరక్షకుడు ఉండాలి, తండ్రి చేతిలో డబ్బు లేదు కాబట్టి తక్కువ జీతానికి వచ్చే తాగుబోతును పెట్టుకుంటాడు. తాను తాగుతానని క్రీసీ ముందే ఒప్పుకుంటాడు, ఆ ధర ఎందుకంత తక్కువో తండ్రికి అప్పుడే అర్థమవుతుంది. చివరికి తేలేది ఏమిటంటే, తండ్రి నుంచి వచ్చిన వ్యాపారంతో పాటు అప్పులు కూడా నెత్తిన పడ్డ ఆ పెద్దమనిషి, న్యాయవాదితో కలిసి, బీమా సొమ్ము కోసం సొంత కూతురి అపహరణకు తానే ఒప్పుకున్నాడని. పాపకు ఏమీ కాదని నమ్మాడు, నమ్మకం తలకిందులైంది. కథలో అందరికంటే భయంకరమైన మనిషి ముఠా నాయకుడు కాదు, పక్క గదిలో పడుకున్న కన్నతండ్రి.

మీ కథలో రైస్ మిల్లు యజమాని అప్పుల్లో ఉన్నాడని రాశారు, ఏ అప్పు? ఇక్కడ మీకు బంగారం లాంటి వాస్తవం ఉంది. మన మిల్లులు పౌర సరఫరాల సంస్థ దగ్గర వడ్లు తీసుకొని, క్వింటాలుకు ముడి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. దీనినే అందరూ సీఎంఆర్ అంటారు. ధర బాగుందని ప్రభుత్వ వడ్లను బయట అమ్ముకొని, గడువు దగ్గర పడ్డాక బియ్యం పెట్టలేక, కేసు భయంతో తిరిగే యజమానిని ఊహించండి. అతను ఎంత దూరమైనా వెళ్తాడని ప్రేక్షకుడు వెంటనే నమ్ముతాడు. ఇన్సూరెన్స్ కథను అలాగే తెచ్చి పెడితే మాత్రం మిర్యాలగూడలో ఎవరూ నమ్మరు.

మన ప్రేక్షకులు అంతసేపు ఆగరన్న మాటకు నా జవాబు ‘పసివాడి ప్రాణం’. ఫాజిల్ మలయాళ చిత్రం ఆధారంగా కోదండరామిరెడ్డి గారు దానిని 1987లో తీశారు. భార్యను పోగొట్టుకొని తాగుడులో మునిగిన కథానాయకుడు, హత్యను కళ్లారా చూసిన మాటలు రాని, వినపడని పసివాడు. చిరంజీవి గారి సినిమా అంటే పాటలు, ఫైట్లు కోరుకొని వచ్చిన జనమే ఆ పిల్లవాడి కళ్లలోని భయాన్ని కథానాయకుడు మెల్లగా చదువుకోవడం చూస్తూ కూర్చున్నారు, ఆ సినిమాను ఘనవిజయం చేశారు. తెలుగువారికి ఓపిక లేదని మనం మన మీదే అపవాదు వేసుకోనక్కర లేదు.

చిత్రీకరణ గురించి ఒక మాట. టోనీ స్కాట్ చేతితో తిప్పే కెమెరాలు వాడి, ఒకే చట్రం మీద పలు బొమ్మలు పడేలా చేసి, తెర మీద అక్షరాలను కదిలించి, క్రీసీ తలలోని అలజడిని చూపించాడు. ఇంగ్లీషు మాటలకు కూడా కొన్నిచోట్ల తెర మీద అక్షరాలు వేయించాడు. మొబైల్ యాప్‌లో దొరికే కుదుపు ఎఫెక్టులతో దానిని అనుకరించాలని చూడకండి. పాపతో గడిపిన భాగం ప్రశాంతంగా ఉంటేనే తరువాతి అలజడికి విలువ వస్తుంది. మీ దగ్గర ఉన్న కెమెరాను స్టాండు మీద నిలిపి, ఆ పదమూడు నిమిషాలూ కదలకుండా తీయండి.

జవాబు: దేవరకొండ రోడ్డు

నేను పోలీసు శాఖలోని సాయుధ విభాగమైన ఏఆర్‌లో (ఆర్మ్‌డ్ రిజర్వ్) పనిచేసి పదవీ విరమణ చేశాను, ఉద్యోగంలో చాలాకాలం గన్‌మన్‌గా ఉన్నాను. సినిమా కళ గురించి పైవారు చెప్పారు, నేను పని గురించి చెబుతాను.

సినిమాలో క్రీసీ తానే కారు నడుపుతాడు, తానే కాపలా కాస్తాడు. ఇది వృత్తిరీత్యా మొదటి లోపం. స్టీరింగు పట్టిన చేయి ఆయుధం మీదికి వెళ్లడానికి ఆలస్యమవుతుంది, అతని చూపు రోడ్డు మీద ఉండాలి గాని మనుషుల మీద ఉండదు. దర్శకుడు దీనిని తెలియక చేశాడని నేను అనుకోను, ఆ ఇంటివారికి ఇద్దరిని పెట్టుకునే స్తోమత లేదని అక్కడే తెలుస్తుంది. మీ జవానుకు కూడా డ్రైవరు పని అప్పగించండి, యజమాని పరిస్థితి మాటల్లో చెప్పకుండానే తేటతెల్లమవుతుంది.

గన్‌మన్ చూసేది ముఖాలను కాదు, చేతులను. ఎదుటివాడు నమస్కారం పెడుతున్నా, రెండో చేయి ఎక్కడ ఉందో చూస్తాడు. పిల్లను బడి నుంచి తీసుకువచ్చేటప్పుడు పుస్తకాల సంచి మోయడు, ఎందుకంటే కుడిచేయి ఖాళీగా ఉండాలి. పాపను ఎప్పుడూ ఎడమవైపు నడిపిస్తాడు. బడి వదిలే వేళ మారదు కాబట్టి దారి మారుస్తూ ఉంటాడు. మీ కథలో బాగా పనికివచ్చే సంగతి ఇక్కడే ఉంది. మొదటి రోజు పాప తన సంచి మోయమని ఇస్తే జవాను తీసుకోడు. పాపకు కోపం వస్తుంది, అతను పొగరుబోతు అనుకుంటుంది. కొన్ని రోజులకు ఎందుకో తెలుసుకుంటుంది. ఆ తరువాత ఒకనాడు పాపకు జ్వరంగా ఉంటే అతను సంచి అందుకుంటాడు. మీరు అపహరణను ఆ రోజు పెట్టుకుంటే, అతను జీవితాంతం తనను తాను క్షమించుకోలేకపోవడానికి కారణం ప్రేక్షకుడికి కళ్ల ముందు ఉంటుంది. ఈ మూడు సన్నివేశాలకూ కలిపి మీకు ఐదు నిమిషాల కంటే ఎక్కువ పట్టదు.

ఇక పోలీసుల గురించి. ఆ సినిమాలో అపహరించడానికి వచ్చినవారిలో పోలీసు దుస్తుల్లో ఉన్నవారు కూడా ఉంటారు, క్రీసీ వేటకు అది పెద్ద కారణం. మీరు అలా రాయదలచుకుంటే రాసుకోండి, కాని ఫిర్యాదు చేసే ప్రయత్నమైనా చూపకుండా జవాను నేరుగా తుపాకీ పట్టుకొని బయలుదేరాడంటే మన దగ్గర అతకదు. సొమ్ము కోసం అపహరించి ప్రాణహాని తలపెడితే ఉరిశిక్ష వరకు పడే సెక్షన్ మన చట్టంలో 1993 నుంచి ఉంది. పాత శిక్షాస్మృతిలో 364ఏ, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 140(2). తండ్రి పోలీసుల దగ్గరికి వెళ్లకుండా ఎందుకు ఆపుతున్నాడు అన్న ప్రశ్న జవానుకు రావాలి. గడియారం సెంటర్ గారు చెప్పిన సీఎంఆర్ అప్పు రహస్యం అక్కడి నుంచే బయటపడుతుంది.

జవాబు: పానగల్లు

నాది చిన్న మాట. నిమిషాల లెక్క పక్కన పెట్టండి. 146 నిమిషాల సినిమాలో గంట దగ్గర ఓపిక పట్టించగలిగిన మాట నిజమే గాని, అందులో డెంజెల్ వాషింగ్టన్, డకోటా ఫానింగ్ ఉన్నారు, ఇద్దరి ముఖాలు చూస్తూనే కాలం గడిచిపోతుంది. మీ దగ్గర కొత్త నటులు ఉంటారు. పదమూడు రాసుకొని, తీసుకొని, ఎడిటింగులో తొమ్మిదికి కుదించడానికి మనసును సిద్ధం చేసుకోండి. మీ మిత్రుల భయం పూర్తిగా అర్థం లేనిది కాదు.

ఎడమకాల్వ, మిర్యాలగూడ

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. జవాబులన్నీ మా బృందంతో కలిసి చదివాము. సంచి సన్నివేశం విన్న తరువాత నాలుగు నిమిషాల మాట ఎవరూ ఎత్తలేదు.

పాఠకురాలు గారు చెప్పిన నోటుపుస్తకం విషయం మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. యాసంగి కోతల కాలంలో మా మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పొడవునా వరుస కడతాయి, టోకెన్ కోసం రైతులు రాత్రి కూడా అక్కడే పడుకుంటారు. మిల్లు ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ బండ్లే ఆట. అందుకని పాపా జవానూ బడి దారిలో నంబరు ప్లేట్ల ఆట ఆడుకుంటారని రాసుకున్నాము. ఏపీ 24 అంటే పాత నల్లగొండ బండి, టీఎస్ 05 అంటే ఆ తరువాతిది, టీజీ అని ఉంటే 2024 మార్చి తరువాత కొన్నది. ఏపీ 22 కనిపిస్తే మీ పాలమూరు బండి అని పాప గట్టిగా అరుస్తుంది, ఎందుకంటే జవానుది అచ్చంపేట. ఒకరోజు వడ్లు తేని ఒక బండి వరుసలో లేకుండా పక్కన నిలబడి ఉండడాన్ని మొదట గమనించేది పాపే. జవాను అప్పటికి దానిని ఆటగానే తీసుకుంటాడు.

ముగింపు ఒక్కటే మిగిలింది. నవలలో పాప బతకదు. టోనీ స్కాట్ సినిమాలో పాప బతికి ఉందని క్రీసీకి చివర్లో తెలుస్తుంది, ముఠా నాయకుడి తమ్ముడితో పాటు తనను తాను అప్పగించి వంతెన మీద ఆమెను విడిపించుకుంటాడు, తరువాత వాళ్ల కారులోనే ప్రాణం విడుస్తాడు. మా మిత్రులు కొందరు నవల ముగింపే బలమైనదని వాదిస్తున్నారు.

జవాబు: పాలమూరు పాఠకురాలు

పాపను బతికించండి. జాలితో చెప్పడం లేదు. పాప చనిపోతే జవాను చేసే ప్రతి హత్యా లెక్క సరిచేయడమే అవుతుంది, అతను చివరిదాకా ఒకే మనిషిగా మిగిలిపోతాడు. పాప బతికి ఉందని తెలిసిన క్షణంలో ‘మ్యాన్ ఆన్ ఫైర్’ దారి మార్చుకుంటుంది. అప్పటిదాకా చంపడం తప్ప వేరే ఆలోచన లేని మనిషి, చేతికి చిక్కిన శత్రువును చంపకుండా అప్పగించడానికి, తన ప్రాణం కూడా ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. నేను అభ్యంతరం చెప్పిన హింస తరువాత కూడా ఆ సినిమాను మళ్లీ చూడగలగడానికి నాకు కారణం ఆ వంతెన సన్నివేశమే. పాప పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు అతను ఆమెతో మాట్లాడే తీరులో ఈత నేర్పిన రోజుల చనువు ఉంటుంది. మొదటి భాగాన్ని మీరు కోసేస్తే అక్కడ వారిద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

జవాబు: దేవరకొండ రోడ్డు

నంబరు ప్లేట్ల ఆట బాగుంది. నిజంగా మేము కూడా అలాగే చూసేవాళ్లం. మిమ్మల్ని ఒక్క విషయంలో హెచ్చరించాలి. మీ జవాను చేతిలో పిస్తోలు పెట్టకండి. పదవీ విరమణ చేసిన జవాను కాపలా పనికి చేరితే, బ్యాంకుల ముందు మీరు చూసే 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీయే ఎక్కువగా ఉంటుంది, దానికి కూడా అతని పేరు మీద లైసెన్స్ ఉండాలి. అందులో రెండే తూటాలు పడతాయి, రెండూ పేలాక గొట్టం విరిచి మళ్లీ నింపుకోవాలి. పైగా కారులో కూర్చొని దానిని తిప్పడం కష్టం, సీటు పక్కన నిలువుగా పెట్టుకోవాలి, తలుపు తీసి దిగితే గాని గురి పెట్టలేడు. ఎత్తుకుపోవడానికి నలుగురు వస్తారని రాశారు కదా, రెండు తూటాలతో దిగిన మనిషి మొదట ఎవరిని ఎంచుకుంటాడో, నింపుకునే వ్యవధిలో పాపకు ఏం చెబుతాడో ఆలోచించి రాయండి. చిత్రీకరణకు అసలు తుపాకీ వాడవద్దు, నమూనా తుపాకీ వాడినా సరే, ముందుగా స్థానిక స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేసి మొదలుపెట్టండి.